షెడ్డులో ఊపిన తల

పోయినవి చెప్తాను. ముందు బంగారం చెప్తాను, ఎందుకంటే స్టేషన్లో మమ్మల్ని ముందు అడిగింది దాని గురించే. చెవి కమ్మలు ఒక జత, రెండు గ్రాముల మీద కొంచెం. పుట్టువెంట్రుకలు తీసిన రోజు నేనే పెట్టాను. వెండి పట్టీలు ఆరు తులాలు, మా మరదలి తల్లిగారింటి వాళ్లు పెట్టినవి. స్టీలు టిఫిన్ డబ్బా, మూడు గిన్నెలది, ఖాళీది. ప్లాస్టిక్ చెప్పు ఒకటి, రెండోది దొరికింది. మా తమ్ముడు నడిపే నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, వాటి మీద వారం వారం వచ్చే పగారం. సిరిసిల్లలో వాళ్లున్న కిరాయి ఇల్లు. మా మరదలి నిద్ర. రెండేళ్ల చిన్నోడికి అక్క. ఆరేళ్లు నిండి ఏడో ఏడు నడుస్తున్న ఒక పిల్ల.

పిల్లను చివర రాశానని తప్పు పట్టకండి. పెద్ద అంకె మొదట వేస్తే తరువాతవి కంటికి ఆనవు.

ఇవి కాక ఇంకొకటి పోయింది. "నా బిడ్డను నేను పంపలేదు" అని మా తమ్ముడు నలుగురిలో చెప్పుకొనే మాట పోయింది. దాన్ని తీసుకున్నది చంపినవాడు కాదు. కోర్టులో తీర్పు కాగితం మీద, ఒకే ఒక వాక్యంలో అది పోయింది. నేనిది రాసేది ఆ వాక్యం గురించి.

నేను కోరుట్లలో బీడీలు చేస్తాను. చదివింది ఐదో తరగతి. మాకు ఆకు, తంబాకు తూకం వేసి ఇచ్చే ఏజెంటు, తిరిగి బీడీలు తీసుకునేటప్పుడు పిడికెడు పిడికెడు పక్కకు పడేసి 'బాగలేవు' అనేవాడు. వాటిని కూడా తానే అమ్ముకునేవాడు. ఆ కోపంతో లెక్క నేర్చుకున్నాను, ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు మా వాడకట్టు ఆడవాళ్ల పీఎఫ్ లెక్కలు, చిట్టీ లెక్కలు నేనే చూస్తాను. కొందరికి కోపం వస్తే కళ్లు మూసుకుపోతాయి. నాకు లెక్క తేటబడుతుంది.

తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. మా నాయన చేతిమగ్గం ఇంట్లో మూలకు పడ్డాక వాడు సిరిసిల్ల పోయి సాంచాల పనిలో చేరాడు. అక్కడే పెళ్లి, అక్కడే పిల్లలు. ఎండాకాలం సెలవులకు బిడ్డను నా దగ్గర దించిపోయేవాడు. అది నా పక్కన కూర్చుని బీడీలు లెక్కపెట్టేది. కట్టకు ఇరవై ఐదు. ఇరవై ఐదు దాకా వచ్చి ఆగి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

"ఇరవై అయిదు తర్వాత ఏమొస్తదే?" అని అడిగితే, "తర్వాత దారం కట్టుడే గదత్తా!" అనేది.

ఇప్పుడు షెడ్డు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తెలియదు.

వాడు పనిచేసే షెడ్డులో పన్నెండు మంది, తలకు నాలుగు చొప్పున నలభై ఎనిమిది సాంచాలు. మొదటిసారి పోయిన రోజు గుమ్మంలో నిలబడగానే ఆ చప్పుడు నా చెవులకు కాదు, పళ్లకు తగిలింది. లోపల ఎవరూ మాట్లాడుకోరు. పెదవులు కదుపుతారు, చేయి చూపిస్తారు. ఎదుటివాడు తల ఊపుతాడు. అర్థమైనా ఊపుతాడు, కాకపోయినా ఊపుతాడు. అర్థం చేసుకోవాలంటే దగ్గరికి పోవాలి. పోతే నాలుగింటిలో ఏదో ఒకదాని మీద పోగు తెగుతుంది. తెగింది చూసుకోకపోతే గుడ్డ చెడుతుంది, చెడిన గుడ్డకు పగారంలో కోత పడుతుంది. అందుకని తల ఊపి పని చూసుకుంటారు. చాయ్‌కి బయటికి వచ్చాక ఒకరినొకరు అడుగుతారు: ఇందాక ఏమన్నావు అని. అది అక్కడ రోజూ జరిగేదే.

నేనున్న రోజు కూడా జరిగింది. చాయ్ గ్లాసు పట్టుకుని ఒక నడీడు మనిషి మా తమ్ముడి భుజం చరిచాడు.

"తియ్యి మరి అయిదు నూర్లు."

"ఏం అయిదు నూర్లు మామా?"

"ఇందాక బదులడిగితె ఇస్తనని తల్కాయ ఊపలే? అందరు చూసిండ్రు."

"ఓ మామా, షెడ్డుల ఊపిన తల్కాయ బైట చెల్లదని నీకెర్క లేదా?"

గోడవారన కూర్చున్న ముసలాయన అందుకున్నాడు. "చెల్లితె ఇంకేముందిరా, పోయిన దసరకు వీడు నాకు రెండెకరాలు రాసిచ్చిండు!"

అందరూ నవ్వారు. ఆ ముసలాయన నా వైపు తిరిగి, "అవ్వా, నువ్వు లెక్కలదానివంట గద. మేం దినాం ఊపే తల్కాయలకు మనిషికి పైస లెక్కన కట్టియ్యరాదు? ఆసామిని అడుగుతం," అన్నాడు. ఆసామి అంటే షెడ్డు యజమాని. ఆయన కూడా అక్కడే నిలబడి చాయ్ తాగుతూ, చెవికి చేయి అడ్డం పెట్టి "ఏమంటున్నడు?" అని పక్కవాణ్ని అడిగాడు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో ఉన్న మనిషి. అందరూ మళ్లీ నవ్వారు.

ఆ నవ్వు గుర్తుకొస్తే ఇప్పుడు నా ఒళ్లు మండుతుంది. నవ్వినవాళ్ల మీద కాదు.

పిల్ల మాయమైన రోజు ఆదివారం, బడి లేదు. పిల్ల మధ్యాహ్నం తండ్రికి సద్ది తీసుకుపోయింది. ఇంటికీ షెడ్డుకూ మధ్య రెండు సందులు. వాడు తిని, ఖాళీ డబ్బా దాని చేతికిచ్చి, మళ్లీ లోపలికి పోయాడు. కాసేపటికి గుమ్మంలో నూలు తెచ్చే ట్రాలీ ఆటోవాడు కనిపించాడు. రెండేళ్లుగా వస్తూ పోతూ ఉన్నవాడు, మా మరదలి చేతి చాయ్ తాగినవాడు. పిల్ల వాడి పక్కన ఉంది. వాడు పిల్ల తల మీద చేయి వేసి, పెదవులు కదిపి, బయటికి చేయి చూపాడు. మా తమ్ముడు తల ఊపాడు. అప్పుడే మూడో సాంచ మీద పోగు తెగింది. వంగి దాన్ని అతికించి లేచేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

చాయ్‌కి బయటికి రాగానే అడిగాడు.

"ట్రాలీ ఆయన ఏడి?"

"ఎప్పుడో పాయె గదనే."

"నాకు ఏమో చెప్పిండు. ఏం చెప్పిండో?"

"నీకు చెప్పింది మాకెట్ల తెలుస్తదే?"

గ్లాసు కింద పెట్టి ఇంటికి నడిచాడు. మా మరదలు వాకిట్లో చిన్నోడికి నీళ్లు పోస్తోంది. "బిడ్డేది?" అన్నాడు. "నీ తాన్నే ఉందనుకున్న," అంది.

స్టేషన్లో రాసుకునే ఆయన కలం తీయలేదు. "తెలిసినోడే గద? ఏడ్నో తిప్పుతున్నడు. పొద్దుగూకెటాళ్లకు తీస్కస్తడు," అన్నాడు. మా తమ్ముడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. వాడికి అబద్ధం తెలియదు, దాచడం అంతకన్నా తెలియదు. "ఏమో అన్నడు సారు, వినరాలే, తల్కాయ ఊపిన," అన్నాడు. ఆయన నవ్వి, "మరి నువ్వే తోలితివి, ఇప్పుడొచ్చి ఎత్కపోయిండంటవేంది?" అన్నాడు.

మా వైపు తోలడమంటే పంపడం. ఆ మాట అక్కడ పుట్టింది. మళ్లీ చావలేదు.

ఫిర్యాదు మర్నాడు రాశారు. నేను కోరుట్ల నుంచి మొదటి బస్సుకు పోయేసరికి మా తమ్ముణ్ని, మరదలిని బెంచీ మీద కూర్చోబెట్టి అడుగుతున్నారు, పిల్ల ఒంటి మీద బంగారం ఎంత, ఎప్పుడు చేయించారు, రసీదు ఉందా అని. ముందు రోజు సాయంత్రమే నాలుగు రోడ్ల మీద నలుగురిని నిలబెట్టి ఉంటే ఒక ట్రాలీ ఆటో దొరికేది కాదా? ఆ సంగతి అడిగితే నన్ను బయట కూర్చోమన్నారు.

ఆ సాయంత్రమే పిల్ల దొరికింది. కోరుట్లకు ఇవతల, వరద కాలువ పక్కన మక్క చేనులో. అక్కడ ఏం చూశామో రాయను. ఆ ట్రాలీవాడు కమ్మలు కుదువ పెట్టింది మా ఊళ్లోనే, నేను కూరగాయలకు పోయే దారిలో. ఆరు వేలు ఇచ్చారు. ఆటో కిస్తీకి అంత తక్కువ పడిందట. ఏడుస్తూ అరుస్తుంటే భయపడి చేశానని పోలీసులకు చెప్పాడట. ఆరు వేలను పిల్ల బతకవలసిన ఏళ్లతో భాగించమని నా బుర్ర అదే పనిగా పోరింది. భాగించలేదు. చేయకూడని భాగహారాలు కొన్ని ఉంటాయి.

సిరిసిల్లలో ఉండలేక వాళ్లు జగిత్యాల వచ్చారు. తమ్ముడు ఒక బియ్యం దుకాణంలో బస్తాలు మోస్తున్నాడు. వాయిదా ఉన్న రోజు నేను కోరుట్ల నుంచి వచ్చి బస్టాండులో వాడితో కలిసేదాన్ని. ఇద్దరం అక్కణ్నుంచి సిరిసిల్ల కోర్టుకు పోయేవాళ్లం. బస్సులో పక్క సీటువాళ్లు ఎక్కడికి అని అడిగితే వాడు కిటికీలోంచి బయటికి చూసేవాడు. నేను "దవాఖానకు" అనేదాన్ని.

వాడు సాక్ష్యం చెప్పిన రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. ముద్దాయి వకీలు కుర్రవాడే, మర్యాదగా మొదలుపెట్టాడు.

"ముద్దాయి మీకు తెలిసినవాడే కదా?"

"తెల్సు సారు."

"గుమ్మంలో నిలబడి మిమ్మల్ని ఏదో అడిగాడు. అవునా?"

"ఏమో అన్నడు సారు. సాంచాల సప్పుడుల వినరాలే."

"మీరు తల ఊపారా లేదా? అవునో కాదో చెప్పండి."

"ఊపిన సారు, గని..."

"వినపడకుండానే ఊపారా?"

"అందరం గట్లనే ఊపుతం సారు. షెడ్డుల ఊపిన తల్కాయ బైట చెల్లదు."

ఎవరో నవ్వారు. వకీలు కూడా నవ్వాడు. "చట్టంలో అలాంటి సెక్షన్ లేదండీ," అన్నాడు. ఈసారి ఇంకా చాలామంది నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు, అది ఒప్పుకుంటాను. తల దించుకుని రాసుకున్నారు. 'తల ఊపాను' అన్నది రాసుకున్నారు.

భోజనాల వేళ మా తమ్ముడు సర్కారు వకీలు వెంటపడ్డాడు. "జడ్జి సారును ఒక్కసారి షెడ్డుకు రమ్మనరాదు సారు? అయిదు నిమిషాలు నిలబడితె చాలు," అన్నాడు. ఆయన టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "కోర్టు నీ షెడ్డుకొస్తదా? ఆసామిని సాక్షిగ పిలిపిస్తున్న. ఆయన చెప్తడు తియ్," అన్నాడు.

ఆసామి వచ్చాడు. తెల్ల చొక్కా, కొత్త చెప్పులు. సర్కారు వకీలు అడిగాడు, "మీ షెడ్డులో సాంచాలు నడుస్తుంటే గుమ్మం దగ్గర మాట్లాడేది లోపలికి వినిపిస్తుందా?" ఆసామి చెవికి చేయి అడ్డం పెట్టి, "ఏంది సారు?" అన్నాడు. వకీలు గట్టిగా అడిగాడు. అప్పుడు కూడా పూర్తిగా అందలేదు, మూడోసారి అడగాల్సి వచ్చింది. మూడోసారికి ఆసామి చెప్పాడు: "మా షెడ్డుల సప్పుడు తక్వనే సారు. మంచిగనే వినొస్తది."

చేయి ఇంకా చెవి దగ్గరే ఉంది. నేను చుట్టూ చూశాను. జడ్జి గారు కాగితం వైపు చూస్తున్నారు, రాసే అమ్మాయి యంత్రం వైపు చూస్తోంది, సర్కారు వకీలు గోడ గడియారం వైపు చూస్తున్నాడు. ఆ చేయిని ఎవరూ రాసుకోలేదు.

బయట చెట్టు కింద మా తమ్ముడు ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆసామీ, సప్పుడు తక్వనా?"

"అరె, నువ్వు సమజ్ చేస్కో. షెడ్డుల గింత సప్పుడని నా నోటితోని చెప్తె రేపు ఆఫీసరొచ్చి తాళమేస్తడు. పిల్లలను లోపలికెందుకు రానిచ్చినవంటడు. నీ బిడ్డ పోయింది, నాకు బాధ లేదా? నా షెడ్డు గూడ పోవాల్నా?"

"సప్పుడు తక్వున్న కాడ ఉన్నోనివి, గంత గట్టిగ ఎందుకొర్లుతున్నవయ్యా?" అన్నాను నేను.

"ఏమంటున్నవమ్మా?" అన్నాడు.

అబద్ధమాడినందుకు కాదు నాకు మంట. భయపడ్డవాడు అబద్ధమాడతాడు. పన్నెండు మంది కార్మికుల్లో ఒక్కణ్నయినా పిలవండి అని మేం ముందే అడిగాం. కూలోళ్లు తోటి కూలోడి తరపున చెప్తారు, దానికి విలువ ఉండదు, ఆసామి మాటకు విలువ ఉంటుందన్నారు. ఆ విలువ ఎంతో మేం చూశాం.

తీర్పు రోజు అందరూ మాకు అభినందన చెప్పారు. హత్యకు యావజ్జీవం. సొమ్ము దోచినందుకు వేరే శిక్ష. అపహరణ మాత్రం రుజువు కాలేదన్నారు. మైనరు బాలిక తండ్రి సైగ ద్వారా సమ్మతి తెలిపిన మీదట ముద్దాయి వెంట వెళ్లింది గనుక, అని రాశారు.

వరండాలో తమ్ముడు నా చీర కొంగు పట్టుకున్నాడు, చిన్నప్పటిలా.

"ఏమన్నరక్కా?"

"యావజ్జీవం పడ్డది తమ్మీ."

"గది ఇన్న. నన్నేమన్నరు?"

చెప్పాను. చెప్పకుండా ఉండలేను, రేపు పేపర్లో వస్తుంది. వాడు విన్నాడు. కొంగు వదిలేశాడు. అటుగా పోతున్న సర్కారు వకీలు ఆగి, "ఇంకేంది మరి, పెద్ద శిక్షే పడ్డది. గా ఒక్క సెక్షన్ పోతె ఏం పాయె? వాడు ఒక్క దినం ముందుగాల బైటికి రాడు," అన్నాడు.

"వాని దినాలు మాకెందుకు సారు? వీని సంగతి చెప్పుండ్రి," అన్నాను.

"అప్పీలు చేస్కోండ్రి," అని పోయాడు.

చేసుకున్నాం. నా చిట్టీ ఎత్తి హైదరాబాదు వకీలుకు ఇచ్చాను. అప్పీలు ఇంకా అక్కడే ఉంది. ఫోన్ చేస్తే గుమాస్తా "లిస్టులకు రాలే," అంటాడు.

ఒక మనిషి తల ఊపితే దాన్ని సమ్మతి అనడానికి వాళ్లకు ఒక్క వాక్యం చాలింది. తలలు ఊపించే ఆ పని గురించి, ఆగితే పడే కోత గురించి, మర్నాటిదాకా కలం తీయని స్టేషన్ గురించి ఆ తీర్పు మొత్తంలో ఒక్క వాక్యం లేదు. నేను మూడుసార్లు చదివాను. లేదు.

తమ్ముడు ఇప్పుడు తల ఊపడు. అవునన్నా కాదన్నా నోటితోనే అంటాడు. ఇంత చిన్న మాటకు కూడా మెడ నిటారుగా పెట్టుకుని "ఆ" అంటాడు. దుకాణం సేటు ఒకసారి నా ముందే, "నీ మెడ పట్టిందా ఏందిరా? గడకర్ర మింగినట్టు నిలబడ్తవ్," అన్నాడు. వాడు "లేదు సేటు," అని బస్తా ఎత్తుకున్నాడు.

తరువాత పరిహారం వచ్చింది. పిల్ల పోయినందుకు సర్కారు ఇచ్చేది. ఐదు లక్షలు, తల్లికి సగం, తండ్రికి సగం. మా మరదలు తన సగం తీసుకుంది. ఎవరేమన్నా అననీ, మంచి పని చేసింది. చిన్నోడు ఉన్నాడు. తమ్ముడు తన కాగితం ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. ఒక ఆదివారం నేను పోయేసరికి ఇద్దరూ దాని మీదే ఉన్నారు.

"సంతకం పెట్టవయ్యా. ఇంటి కిరాయి రెండు నెలలది అట్లనే ఉన్నది. వచ్చే ఏడు వీన్ని బడికి తోల్దాం," అంటోంది మరదలు.

"తోల్దాం అనకు."

"మరేమనాలె? ప్రతి మాటకు పట్టుకుంటె నేను నోరు కుట్టుకోవాల్నా? నీ ఒక్కనికే పోయిందా బిడ్డ?"

"నేను గట్లన్ననా?"

"వదినె, నువ్వన్న చెప్పు."

కాగితం తీసి చదివాను. పైన నాలుగు వరుసల్లో కేసు సంగతి టైపు చేశారు. తీర్పులోని వాక్యమే, అక్షరం పొల్లు పోకుండా: తండ్రి సమ్మతి మీదట ముద్దాయి వెంట వెళ్లిన మైనరు బాలిక. దాని కింద చుక్కల గీత, తండ్రి సంతకం అని.

"గది చదివి కింద నా పేరు రాస్తె, నేను తోలినట్టె గదక్కా. అప్పుడు వాళ్లు రాసిండ్రు. ఇప్పుడు నేను రాసినట్టయితది," అన్నాడు తమ్ముడు.

మరదలు చిన్నోణ్ని చంకనేసుకుని బయటికి పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనందుకు ఆమెకు నేను మొక్కాలి. నేను లెక్కలదాన్ని. ఆ డబ్బుతో ఆ ఇల్లు ఎన్నేళ్లు నడుస్తుందో పైసలతో సహా చెప్పగలను. నేనూ చెప్పలేదు.

కాగితం ఇచ్చిన ఆఫీసుకు నేనే పోయాను. ఆ ఒక్క వరుస తీసి వేరేది టైపు చేయమన్నాను. అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేశాడు. "కోర్టు రాసింది మేం కొట్టేస్తమా అమ్మా? అప్పీల్ల మారితె అప్పుడు మారుస్తం," అన్నాడు. అప్పీలు ఎప్పుడు తేలుతుందని అడిగితే పైకప్పు వైపు చూశాడు.

పోయిన నెల ఆయనే ఫోన్ చేశాడు. నేను ఆకు కత్తిరిస్తున్నాను, కత్తెర పక్కన పెట్టి ఎత్తాను.

"అమ్మా, పైనుంచి అడుగుతున్నరు. ఇయ్యంగ మిగిలినయి ఎన్ని అని. మీ తమ్మునిది ఇంకా అట్లనే చూపిస్తున్నది. వద్దంటున్నడని రాయాల్నా?"

"వద్దనలే. ఎందుకు రాస్తవట్ల? కావాలె. మంచిగ రాసిస్తె ఈ దినమే వచ్చి తీస్కుంటడు."

"గవన్నిటికి ఈడ జాగ లేదమ్మా. పైస మాత్రమే రాయాలె."

"అయితె పైసనే రాయి. వాడు తీస్కోలేదని కాదు, మీరియ్యలేదని రాయి."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. తరువాత ఆయన రాసింది నాకు చదివి వినిపించాడు: తండ్రి వాటా, ఇంకా చెల్లించవలసినది, రెండు లక్షల యాభై వేలు.